అర్జీకి ముద్ర పడిందా?

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా పోలీసు స్టేషన్ల గడప దగ్గర మొదలైనవే. నేరం చేసినవాడి మీద కన్నా, చెప్పుకోవడానికి వెళితే వినిపించుకోని స్టేషను మీదనే ఎక్కువ మంది బాధపడ్డారు. వాటిలో కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల నుంచి వచ్చిన నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లను, నా నిర్ణయం మేరకు స్టేషన్ల పేర్లను తీసివేశాను. ఒక పక్షం చెప్పినదే నా ముందుంది కనుక ఏ స్టేషనుదీ తప్పని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లాలో పడమటి వైపు పల్లె. నా భర్త బెంగళూరుకు కూలి పనికి వెళ్లి ఉండగా, మా చేనిలోని బోరు స్టార్టరును, సుమారు 60 మీటర్ల రాగి కేబులును రాత్రిపూట ఎవరో కోసుకొని పోయారు. వాటి విలువ 22,000 రూపాయల వరకు ఉంటుంది. మరునాడే స్టేషనుకు వెళ్లి కాగితం రాసిచ్చాను. రైటరు దానిని సొరుగులో పెట్టుకొని "పోమ్మా, చూస్తాంలే" అన్నాడు. రశీదు ఇవ్వలేదు. 40 రోజులలో నాలుగుసార్లు తిరిగాను. ఎస్‌ఐ గారు లేరన్నారు, బందోబస్తు అన్నారు, చివరకు "వైరు పోతే ఎవరైనా కేసు కడతారా, అనుమానం ఉన్నవాళ్ల పేరు తీసుకురా" అన్నారు. రెండుసార్లు పొద్దుగూకాక ఫోను చేసి స్టేషనుకు రమ్మన్నారు. వీరి మీద ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకుంటే మా మీదనే కేసు పెడతారని ఊళ్లోవాళ్లు భయపెడుతున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. కేబులు పోయిందన్నది మొదటిది. ఆ సంగతి చెప్పుకోవడానికి వెళితే స్టేషనులో పట్టించుకోలేదన్నది రెండవది. మొదటిది నేర సమాచారం, రెండవది ప్రభుత్వోద్యోగి పనితీరు మీద ఆరోపణ. వీటిని ఒకే కాగితం మీద రాయవద్దు. కోపంలో రాసిన అర్జీలు నేను చాలా చూశాను. మొదటి రెండు పేజీలూ ఎస్‌ఐ ఏమన్నాడు, రైటరు ఎలా చూశాడు అన్న వివరాలతోనే నిండిపోతాయి. దొంగతనం ఏ రాత్రి జరిగింది, ఏమి పోయింది అన్నవి మూడో పేజీ అడుగున ఒక వాక్యంగా మిగులుతాయి. దానిని చదివిన పై అధికారి "సిబ్బంది ప్రవర్తనపై విచారించి నివేదించండి" అని రాసి కిందికి పంపుతారు. ఆ విచారణ పూర్తయ్యేలోగా మీ రాగి తీగ ఏ పాత సామాను కొట్టులోనో కరిగిపోయి ఉంటుంది.

ముందు నేరం సంగతి చూద్దాం. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో ఉంది; కోర్టులలో దానిని బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నారు. పోలీసులు కోర్టు అనుమతి లేకుండానే కేసు కట్టి దర్యాప్తు చేయదగ్గ నేరం గురించి ఎవరు చెప్పినా, నోటితో చెప్పినా, కాగితం మీద ఇచ్చినా నమోదు చేయాలని దాని 173వ సెక్షన్ చెబుతోంది. నేరం తమ పరిధిలో జరగలేదని తిప్పి పంపడానికి కూడా వీలులేదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషనుకు వారే పంపాలి. ఇటువంటి నేరాలలో ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులోనే తేల్చింది. నిందితుడి పేరు ఫిర్యాదుదారే తేవాలన్న షరతు ఏ చట్టంలోనూ లేదు. దొంగ ఎవరో తెలిస్తే దర్యాప్తు ఎందుకు?

అయితే ఒక మెలిక ఉంది, అది మీకు అనుకూలంగానే ఉంది. కొత్త చట్టం ప్రకారం 5,000 రూపాయల లోపు విలువైన వస్తువు దొంగతనం పోలీసులు సొంతంగా కేసు కట్టదగ్గ నేరం కాదు. దానిని స్టేషను పుస్తకంలో రాసుకొని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమనడంతో వారి పని తీరుతుంది. కనుక పోయిన వస్తువు విలువను అర్జీలో రాయడం మరచిపోకూడదు. పాత బిల్లు ఉంటే నకలు జతచేయండి. లేకపోతే కేబులు ఎన్ని మీటర్లు, ఎప్పుడు కొన్నారు, ఇప్పుడు కొనాలంటే ఎంత అవుతుంది అన్నవి రాయండి.

మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడదగ్గ నేరాలలో, ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ జరపడానికి కొత్త చట్టం పోలీసులకు అవకాశమిచ్చింది. కొన్ని స్టేషన్లలో "విచారిస్తున్నాం" అన్న మాటకు ఇప్పుడు దీనిని ఆధారంగా చూపుతున్నారు. కాని ఆ విచారణ 14 రోజులలో ముగియాలి. మీకు 40 రోజులు గడిచాయి.

ఇక రశీదు మాట. నేను వకీలుగా కర్నూలు కోర్టులో చేరిన కొత్తలో మా సీనియరు గారి దగ్గరకు కక్షిదారు రాగానే ఆయన "కథంతా తరువాత చెబుదువు గాని, ముద్ర పడిన కాగితం ముందు చూపించు" అనేవారు. అప్పట్లో అది విసుగనుకున్నాను. ఇన్నేళ్ల తరువాత నేనూ అదే అడుగుతున్నాను. మీరు ఇచ్చిన కాగితం రైటరు సొరుగులో ఉంది గాని, అది ఉన్నట్టు రుజువు మీ దగ్గర లేదు. స్టేషను లెక్క ప్రకారం మీరు ఆ రోజు అక్కడికి రానే లేదు. కనుక తొలిరోజు పనిని మళ్లీ చేయండి. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి స్టేషనులో ఇచ్చి, రెండవదాని మీద స్టేషను ముద్ర, తేదీ, పుచ్చుకున్నవారి సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అక్కడ వాదనకు దిగవద్దు. బయటికి వచ్చి అదే రోజు అదే కాగితాన్ని స్టేషను హౌస్ ఆఫీసరు పేరిట స్పీడ్ పోస్టులో పంపండి. తపాలా రశీదు కూడా ముద్రే.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. మీ సంగతిని నేనయితే ఇలా రాస్తాను:

"నేను ఫలానా గ్రామ నివాసిని. ఫలానా సర్వే నంబరులో మాకు మూడెకరాల చేను, బోరు ఉన్నాయి. 9వ తేదీ రాత్రి 8 గంటలకు చేనికి నీళ్లు కట్టి ఇంటికి వచ్చాను. 10వ తేదీ ఉదయం 6 గంటలకు వెళ్లి చూడగా స్టార్టరు పెట్టె తలుపు విరిగి ఉంది. స్టార్టరు, సుమారు 60 మీటర్ల రాగి కేబులు కనిపించలేదు. వాటి విలువ సుమారు 22,000 రూపాయలు. కోసిన కేబులు మొన ఇంకా బోరు దగ్గర ఉంది. పక్క చేను రైతు కూడా వచ్చి చూశారు. నాకు ఎవరిమీదా అనుమానం లేదు. కేసు నమోదు చేసి ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను."

నెల, సంవత్సరం, ఫోను నంబరు, సంతకం మీరు చేర్చండి. ఇందులో ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ ఊహించి రాయలేదు. అనుమానం లేనప్పుడు పాత కక్షలున్న దాయాది పేరు రాయమని ఊళ్లో సలహా ఇచ్చేవారుంటారు. తెలిసి తెలిసి తప్పుడు సమాచారమిస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు పడవచ్చు. మీ ఊరివాళ్లు చెప్పిన భయంలో నిజమున్నది ఈ ఒక్కచోటనే. జరిగింది జరిగినట్టు రాసినవారికి ఈ సెక్షన్‌తో పని లేదు.

స్టేషను అప్పటికీ కదలకపోతే 173వ సెక్షన్‌లోని నాలుగవ ఉపవిభాగం మీకు దారి చూపుతుంది. అదే సమాచారాన్ని రాతపూర్వకంగా తపాలాలో జిల్లా ఎస్పీకి పంపాలి. అందులో నేరం కనిపిస్తే ఆయన తానే దర్యాప్తు చేయాలి, లేదా కింది అధికారి చేత చేయించాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కూడా డోన్, ఆళ్లగడ్డ వైపు నుంచి కర్నూలు ఎస్పీకి, కదిరి, ధర్మవరం వైపు నుంచి అనంతపురం ఎస్పీకి అర్జీలు పంపేవారు ఉన్నారు. మొదటి రెండూ ఇప్పుడు నంద్యాల జిల్లావి, తరువాతి రెండూ శ్రీ సత్యసాయి జిల్లావి. తప్పు చిరునామాకు వెళ్లిన కాగితం తిరిగి సరైన చోటికి చేరడానికి వారాలు పడుతుంది.

తపాలాతో పాటు, వీలైతే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కూడా వెళ్లండి. అక్కడ అర్జీకి నంబరు ఇస్తారు, దానిని భద్రపరచుకోండి. కాని ఆ నంబరు ఉంది కదా అని తపాలా మానవద్దు. మేజిస్ట్రేట్ మొదట అడిగేది ఎస్పీకి పంపిన తపాలా రశీదునే.

ఎస్పీకి రాసినా ఫలితం లేకపోతే మీ స్టేషను ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో, పత్తికొండో ఆదోనియో, అక్కడి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 175వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ పోలీసుల వివరణ చూసి దర్యాప్తుకు ఆదేశించగలరు. దరఖాస్తుతో ప్రమాణపత్రం తప్పక జతచేయాలి. స్టేషనుకూ ఎస్పీకీ ఇచ్చిన కాగితాల నకళ్లు లేకుండా వస్తే అక్కడ నిలవదు. నేరుగా హైకోర్టులో రిట్ వేయమని సలహా ఇచ్చేవారుంటారు. ముందుగా మేజిస్ట్రేట్ దగ్గరకే వెళ్లాలని సుప్రీంకోర్టు సాకిరి వాసు కేసులో 2007లోనే చెప్పింది. వకీలు ఖర్చుకు వెనుకాడవద్దు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. వారి ఫోను నంబరు 15100.

ఇప్పుడు రెండవ కాగితం, అంటే స్టేషను పనితీరు మీద ఫిర్యాదు. ఎస్‌ఐ, కానిస్టేబుళ్ల మీద అయితే సబ్‌డివిజన్ డీఎస్పీకి రాసి ఎస్పీకి ప్రతి పంపండి. సీఐ మీద అయితే ఎస్పీకి, డీఎస్పీ మీద అయితే ఎస్పీతో పాటు రేంజి డీఐజీకి రాయాలి. ఇందులో విశేషణాలు పనికిరావు. "నిర్లక్ష్యంగా, అహంకారంగా ప్రవర్తించారు" అన్న వాక్యాన్ని విచారణాధికారి ఏమి చేసుకుంటాడు? "ఫలానా తేదీ ఉదయం 11 గంటలకు అర్జీ ఇచ్చాను, రశీదు ఇవ్వలేదు, ఫలానా తేదీన మళ్లీ వెళ్లగా అనుమానితుల పేరు తెమ్మన్నారు, ఫలానా తేదీ రాత్రి 7 గంటల 40 నిమిషాలకు ఫలానా నంబరు నుంచి ఫోను చేసి స్టేషనుకు రమ్మన్నారు" అని రాస్తే, అతడు స్టేషను జనరల్ డైరీని (రోజువారీ నమోదు పుస్తకాన్ని), ఫోను జాబితాను ముందు పెట్టుకొని సరిచూడగలడు. మీ ఫోనులో ఆ కాల్ వివరాలు తుడిచివేయకుండా తెరపట్టు (స్క్రీన్‌షాట్) తీసి ఉంచండి.

ఈ విచారణ సాధారణంగా డీఎస్పీ స్థాయిలో జరుగుతుంది. మిమ్మల్ని పిలిచి వాంగ్మూలం రాస్తారు. నేర దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం చేయనక్కరలేదు; శాఖాపరమైన విచారణలో మాత్రం సంతకం అడుగుతారు. చదివించుకొని, చెప్పింది చెప్పినట్టు ఉంటేనే చేయండి. ఆ విచారణ తేదీకి ఒకటి రెండు రోజుల ముందు ఊరి పెద్దమనిషి ఒకరు మీ ఇంటికి వచ్చి, "కంప్లయింటు వాపసు తీసుకో తల్లీ, నీ వైరు కేసు కట్టిస్తాను" అనే అవకాశం బాగా ఉంది. నా అభిప్రాయం అడిగితే, ఎఫ్‌ఐఆర్ ప్రతి మీ చేతికి వచ్చాక ఆ మాట ఆలోచించవచ్చు, దానికంటే ముందు వద్దు. ఆ ప్రతి ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. ఎవరి దయా కాదు.

పొద్దుగూకాక పిలవడం గురించి వేరుగా చెప్పాలి. ఫిర్యాదు ఇచ్చిన మీరు దర్యాప్తులో సాక్షి అవుతారు. మహిళా సాక్షిని ఆమె నివసించే చోట తప్ప మరెక్కడికీ రమ్మని ఆదేశించరాదని బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఈసారి ఫోను వస్తే, "ఇంటికి వచ్చి వాంగ్మూలం రాసుకోండి సార్" అని మర్యాదగా చెప్పండి.

మీ విషయానికి వర్తించకపోయినా, ఇతర పాఠకుల కోసం ఒక మాట. అత్యాచారం, మహిళపై లైంగిక దాడి, యాసిడ్ దాడి, మనుషుల అక్రమ రవాణా వంటి నేరాలలో సమాచారం నమోదు చేయని అధికారికి భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన ఫిర్యాదులో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరమే లేదు. 2018లో ఆ చట్టానికి చేసిన సవరణ ఈ మాటను తేటగా చెప్పింది.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. కడప జిల్లా మైదుకూరు ప్రాంతంలో నాకు, మా అన్న కొడుకులకు పొలం గట్టు తగాదా ఉంది. కేసేమీ లేదు. వాళ్లిచ్చిన కాగితం పట్టుకొని ఎస్‌ఐ మూడు వారాలుగా నన్ను ఫోనులో పిలిపించి, పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ వరకు స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చోబెడుతున్నాడు. రాజీ కాగితం మీద సంతకం పెడితే పోవచ్చునంటున్నాడు. షుగరు మనిషిని. ఏమి చేయను?

జవాబు: సంతకం పెట్టకండి, పెద్దాయనా. గట్టు ఎవరిదో తేల్చే అధికారం స్టేషనుకు లేదు. అది సివిల్ కోర్టు పని. కొలతల మాట అయితే సర్వేయరు పని. తగాదా ముదిరి కొట్లాట అవుతుందన్న భయం ఉంటే పోలీసులు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు నివేదిక పంపవచ్చు; అక్కడ కూడా ప్రస్తుతం భూమి ఎవరి అనుభవంలో ఉందన్నది మాత్రమే చూస్తారు, హక్కు ఎవరిదన్నది చూడరు. మా సీమలో స్టేషను పంచాయితీలకు పాత చరిత్రే ఉంది. కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుందని ఇరుపక్షాలూ ఇష్టపడి వెళ్లే సందర్భాలూ ఉన్నాయి. ఇష్టం లేనివాడిని బెంచీ మీద కూర్చోబెట్టి చేయించేదానిని రాజీ అనరు.

ఫోను చేసి రమ్మంటే అది నోటీసు కాదు. మీ మీద కేసు ఉండి విచారణకు పిలవాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 35వ సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సాక్షిగా పిలవాలన్నా రాతపూర్వక ఉత్తర్వు కావాలి. పైగా 60 ఏళ్లు దాటిన పురుషులను కూడా వారి ఇంటికి కాక వేరే చోటికి రమ్మనరాదు. ఈ వయస్సు పాత చట్టంలో 65గా ఉండేది. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరంలో 60 దాటినవారిని డీఎస్పీ ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయడానికి కూడా వీలులేదు. మీ ఆధార్ కార్డు నకలు జతచేసి, "నాకు 64 ఏళ్లు, మధుమేహం ఉంది, నోటీసు ఇస్తే నా ఇంటి దగ్గర సమాధానం ఇస్తాను, భూమి విషయం సివిల్ కోర్టులో తేల్చుకుంటాను" అని నాలుగు వాక్యాలు రాసి స్టేషనుకు, డీఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి.

మిమ్మల్ని కూర్చోబెట్టిన రోజులకు సాక్ష్యం ఆ స్టేషను గోడ మీదనే ఉండవచ్చు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులోనూ, వరండాలతో సహా, సీసీ కెమెరాలు ఉండాలనీ, దృశ్యాలను 18 నెలల పాటు భద్రపరచాలనీ, అంత నిల్వ ఉంచే పరికరాలు దొరకని పక్షంలో కనీసం ఏడాది ఉంచాలనీ ఆదేశించింది. కాబట్టి ఎస్పీకి రాసే ఫిర్యాదులో మీరు వెళ్లిన తేదీలు, వేళలు వేసి, "ఆయా తేదీల వరండా కెమెరా దృశ్యాలను భద్రపరచవలసిందిగా కోరుతున్నాను" అన్న వాక్యం చేర్చండి. ఈ ఒక్క వాక్యం అందిన తరువాత వరండా బెంచీలు ఖాళీ కావడం నేను చూశాను.

రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయవచ్చు. ఫీజు లేదు, తెలుగులో రాస్తే చాలు, సంఘటన జరిగిన ఏడాది లోపల పంపాలి. కమిషన్ కార్యాలయం 2021లో కర్నూలులోనే మొదలైంది. దానిని అమరావతికి తరలించే మాట తరువాత వచ్చింది కనుక, పంపే ముందు చిరునామా ఒకసారి కనుక్కోండి. కమిషన్ నివేదిక తెప్పించుకొని సిఫార్సు చేయగలదు గాని, ఎస్‌ఐని తానే శిక్షించలేదు. అయినా కమిషన్ అడిగిన నివేదికకు జిల్లా కార్యాలయం రాతపూర్వకంగా బదులివ్వక తప్పదు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసు ఒకరు 500 రూపాయలు తీసుకొని, రిపోర్టు పంపాలంటే మరో 1,000 కావాలంటున్నాడు. మొదటి డబ్బు ఇచ్చి నాలుగు రోజులయింది. ఇచ్చినందుకు నేను కూడా దోషినేనా?

జవాబు: ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి గడువు దాటిపోతుందని మీకు ఫోనులో ముందే చెప్పాను, ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే. అయితే బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలోగా ఆ సంగతిని పోలీసులకో, అవినీతి నిరోధక శాఖకో (ఏసీబీ) తెలియజేస్తే వారికి ఆ నేరం అంటదు. మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయల ఫీజు మీరు ముందే కట్టారు. ఇంటికి వచ్చిన పోలీసుకు ఇవ్వవలసింది ఒక్క రూపాయి కూడా లేదు. రెండో విడత అడుగుతున్నప్పుడు వాదించకుండా, కాదనకుండా, గడువు అడిగి ముందు ఏసీబీకి చెప్పడమే మంచిది. డబ్బుతో ముడిపడిన ఫిర్యాదును సోమవారం అర్జీలలో వేయవద్దు. నాలుగు చేతులు మారేసరికి కబురు చేరకూడని చోటికే ముందు చేరుతుంది.

ప్రశ్న: నేను అనంతపురంలో విశ్రాంత ఉపాధ్యాయుడిని. ఏడు నెలల క్రితం మా ఇంట్లో దొంగలు పడి బంగారం తీసుకుపోయారు. ఎఫ్‌ఐఆర్ వెంటనే కట్టారు, ప్రతి కూడా ఇచ్చారు. ఆ తరువాత ఇద్దరు దర్యాప్తు అధికారులు మారారు. ఇప్పుడున్నాయన "ఫైలు చూడాలి మాస్టారూ" అంటున్నారు. కేసు ఉందో పోయిందో తెలియదు.

జవాబు: మాస్టారూ, మీ దగ్గర ఎఫ్‌ఐఆర్ ఉంది కనుక పై ఉత్తరాలవారి కంటే మీరు ఒక మెట్టు పైన ఉన్నారు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజులలోగా తెలియజేయాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్ పోలీసులకు విధి నిర్ణయించింది. ఫోను సందేశం ద్వారా చెప్పినా చాలు. మీకు ఏడు నెలలయినా ఆ కబురు రాలేదు. కొత్తగా వచ్చిన అధికారి మీద ఫిర్యాదుతో మొదలుపెట్టవద్దు. ఆయన ఫైలు చూడలేదన్నది బహుశా నిజమే. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ వేసి, ఈ సెక్షన్ పేర్కొని, దర్యాప్తు పురోగతి తెలుపమని స్టేషనుకు ఒక ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. 15 రోజులు చూసి డీఎస్పీకి, ఆపైన సోమవారం ఎస్పీకి ఆ ముద్ర ఉన్న ప్రతినే జతచేసి పంపండి.

సమాచార హక్కు చట్టం కింద ఎస్పీ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. కాని ప్రశ్న అడిగే తీరు తెలియాలి. కేస్ డైరీ నకలు, సాక్షుల వాంగ్మూలాలు అడిగితే దర్యాప్తుకు ఆటంకమని నిరాకరిస్తారు, చట్టంలో అందుకు వీలుంది. దాని బదులు, ఈ కేసు దర్యాప్తు అధికారులుగా ఎవరెవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారు, కేసు ఇప్పుడు దర్యాప్తులో ఉందా, కోర్టుకు తుది నివేదిక వెళ్లిందా, వెళితే ఏ తేదీన అని అడగండి. వీటికి 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజులలో అదే కార్యాలయంలోని పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఆ చివరి ప్రశ్న ఊరకే రాయలేదు. దొంగలు దొరకని కేసులను కొంతకాలానికి "అన్‌డిటెక్టెడ్" అని రాసి మూసివేస్తూ కోర్టుకు నివేదిక పంపుతారు. అటువంటి నివేదికను అంగీకరించే ముందు మేజిస్ట్రేట్ ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి అతని మాట వినాలని భగవంత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. మీరు ఇల్లు మారి ఉంటే ఆ నోటీసు పాత చిరునామాకు వెళ్లి తిరిగిపోతుంది. కనుక చిరునామా మారితే వెంటనే స్టేషనుకూ కోర్టుకూ తెలియజేయండి. నోటీసు అందితే, దర్యాప్తులో ఏమి చేయలేదో తేదీలతో చూపుతూ అభ్యంతర పిటిషన్ వేయవచ్చు: పక్కింటి కెమెరా దృశ్యాలు తీసుకోలేదు, వేలిముద్రల నిపుణులను పిలవలేదు, తాకట్టు కొట్లలో విచారించలేదు అన్నట్టుగా. ఏడు నెలల క్రితం ఆ ఉదయం మీ ఇంటికి ఎవరెవరు వచ్చారు, బీరువాను ఎవరు ముట్టుకున్నారు, ఏమి రాసుకున్నారు అన్నవి ఇప్పుడే, జ్ఞాపకం ఉండగానే, ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.